వరండాలో బరువు మిషన్: గర్భిణి శరీరం, ఆత్మగౌరవం, ఆహారం

(పోషణ మాసం సందర్భంగా ఒక పట్టణ శాఖా గ్రంథాలయంలో స్త్రీల వైద్యురాలు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, గ్రంథాలయ నిర్వాహకులకు, పని ఒత్తిడిలో కూడా తీరిక చేసుకుని వచ్చిన అంగన్‌వాడీ టీచర్లకు, ఆశా కార్యకర్తలకు, కోడళ్ళను వెంటబెట్టుకుని వచ్చిన అత్తగార్లకు, వెనక వరుసలో కొంచెం బిడియంగా కూర్చున్న నలుగురైదుగురు భర్తలకు నా నమస్కారాలు.

నాకిచ్చిన అంశం ‘గర్భిణులు – పోషకాహారం’. ఈ అంశం మీద మీలో చాలామంది నాకంటే బాగా మాట్లాడగలరు. ఏమి తినాలో చెప్పే పట్టిక అంగన్‌వాడీ గోడ మీద ఉంది, ప్రతి గర్భిణి చేతిలో ఉండే తల్లీబిడ్డల సంరక్షణ కార్డులోనూ ఉంది. పాలు, గుడ్డు, పప్పు, ఆకుకూర అన్న నాలుగు మాటలు తెలియని గర్భిణి ఈ మధ్యకాలంలో నాకు కనబడలేదు. తెలిసినా తినలేకపోతున్నవాళ్ళనూ, తెలిసి కూడా తినకూడదని నిశ్చయించుకున్నవాళ్ళనూ, ఇంట్లో అందరూ పడుకున్నాక వంటింట్లో నిలబడి గబగబా తిని ఆ తరువాత ఏడ్చేవాళ్ళనూ మాత్రం వారం వారం చూస్తున్నాను. అందువల్ల ఈ రోజు కంచంలో ఏముండాలన్నదాని కంటే, ఆ కంచం ముందు కూర్చున్న మనిషి తన ఒంటిని గురించి ఏమనుకుంటోంది, ఆ అనుకోలు ఆమెకు ఎవరి మాటల వల్ల కలిగింది అన్న విషయం మాట్లాడదలిచాను.

ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. నేను వైద్యం మొదలుపెట్టిన కొత్తలో మా ఆసుపత్రిలో బరువు మిషన్ వరండాలో, బెంచీలకు ఎదురుగా ఉండేది. చూపించుకోవడానికి వచ్చిన ప్రతి గర్భిణీ పదిహేను ఇరవైమంది చూస్తుండగా చెప్పులు విడిచి దానిమీద నిలబడేది. నర్సు అంకెను గట్టిగా చదివేది. లోపల కూర్చున్న నేను ఆ కేక విని చీటీలో రాసుకునేదాన్ని. పని త్వరగా జరుగుతుందన్న ఆలోచన తప్ప అందులో తప్పేమిటో నాకు తోచలేదు. ఒకనాడు ఐదో నెల నిండిన అమ్మాయి ఒకామె మిషన్ ఎక్కింది. ఒక్క నెలలో నాలుగు కిలోలు పెరిగిందని నర్సు చదివింది. నేను గుమ్మం దగ్గరికి వచ్చి, నవ్వుతూనే, “నాలుగు కిలోలా! ఏం తింటున్నావమ్మా, మాకూ కొంచెం పెట్టరాదూ?” అన్నాను. బెంచీల మీద వాళ్ళు నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వింది. ఆ మరుసటి నెల ఆమె రాలేదు. ఆ పై నెలలో వచ్చినప్పుడు బరువు రెండు కిలోలు తగ్గి ఉంది, నాలుక ఎండిపోయి ఉంది, మూత్రంలో కీటోన్లు కనబడ్డాయి. అంటే తిండి చాలక శరీరం తన కొవ్వును తానే కరిగించుకుంటోందన్నమాట. ఆమె రోజుకు ఒక్క పూట తింటోంది. ఎందుకమ్మా అని అడిగితే, “మీరే కదా మేడమ్ అన్నారు” అంది.

నేను ఆమెకు తినవద్దని చెప్పలేదు, హాస్యమాడానంతే. కానీ ఆ మాట అన్నది డాక్టరు, విన్నది పదిహేనుమంది, మోసింది ఆమె ఒక్కతె. ఆ వారమే మిషన్‌ను లోపలి గదిలోకి మార్పించాను. అయితే మిషన్‌ను మార్చినంత సులువుగా ఊళ్ళో ఉన్న వరండాలను మార్చలేం. కడుపుతో ఉన్న స్త్రీ శరీరం మన సమాజంలో ఎవరైనా వ్యాఖ్యానించదగిన బహిరంగ స్థలం వంటిది. మామూలు రోజుల్లో ఒక ఆడమనిషిని పట్టుకుని “నీ పొట్ట ఇంతుందేమిటి?” అని అడగడానికి కొంతైనా సంకోచించేవాళ్ళు, ఆమె నెల తప్పిందని తెలిసిన మరుక్షణం నుంచి ఆ సంకోచాన్ని పూర్తిగా వదిలేస్తారు. ఐదో నెలకే ఇంత పొట్టా, కవలలేమో అంటారు ఒకరు. ఏడో నెలకు కూడా కనబడటం లేదు, బిడ్డ ఎదగడం లేదేమో అంటారు ఇంకొకరు. ఇద్దరూ ఒకే పెళ్ళిలో, ఒకే అమ్మాయితో, పది నిమిషాల తేడాతో ఈ మాటలు అనగలరు.

ఇక ముఖం కళగా ఉంటే మగపిల్లవాడనీ, వాడిపోతే ఆడపిల్ల తల్లి అందాన్ని తీసుకుందనీ చెప్పే జోస్యం ఉండనే ఉంది. స్కానింగ్ గదిలో ఆడో మగో చెప్పకూడదని 1994లోనే చట్టం చేశారు కాని, పక్కింటి అరుగు మీద చెప్పకూడదని ఎవరూ చట్టం చేయలేదు. ఆ మాటను సరదాగా తీసుకునేవాళ్ళు ఉండవచ్చు. మొదటి ఇద్దరూ ఆడపిల్లలైన తల్లి మూడోసారి అద్దంలో తన ముఖం చూసుకుని ఏమి లెక్కలు వేసుకుంటుందో కూడా ఒకసారి ఊహించండి.

పెరిగిన బరువు ఎక్కడికి పోతుందో వివరంగా చెప్పడం నాకు ఈ విషయంలో అన్నిటికంటే బాగా పనిచేసిన మందు. నెలలు నిండేసరికి ఒక స్త్రీ దాదాపు పన్నెండు కిలోలు పెరిగిందనుకుందాం. అందులో బిడ్డ బరువు 3 కిలోలు. మాయ 600 నుంచి 700 గ్రాములు. ఉమ్మనీరు కిలోకు కాస్త తక్కువ. నిమ్మకాయంత గర్భసంచి పెద్ద గుమ్మడికాయంత అవుతుంది కాబట్టి దాని బరువు మరో కిలో. రొమ్ముల్లో అర కిలో. ఒంట్లో తిరిగే రక్తం నలభై నుంచి యాభై శాతం దాకా పెరుగుతుంది, అదొక కిలోన్నర. కణజాలాల్లో చేరే నీరు మరో కిలోన్నర. మిగిలిన మూడు కిలోలు కొవ్వు. ఆ కొవ్వు కూడా అశ్రద్ధ వల్ల చేరినది కాదు, పాలిచ్చే రోజుల కోసం శరీరం ముందుచూపుతో దాచిపెట్టుకున్న ధాన్యం. ‘లావయ్యాను’ అన్న ఒక్క మాటలో మనం ఈ ఎనిమిది వాటాలనూ కలిపేస్తాం. ఒకసారి కాగితం మీద ఈ లెక్క వేసి చూపించాక, లావయ్యానని కుమిలిపోతున్న ఒక బ్యాంకు ఉద్యోగిని, “అయితే నాది అనుకోదగింది మూడు కిలోలేనా?” అని అడిగింది. అంత కచ్చితంగా నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఎంత పెరగాలన్నది అందరికీ ఒకటే కాదు. కడుపు రాకముందు ఉన్న బరువును బట్టి, ఎత్తును బట్టి అది మారుతుంది. 2009లో అమెరికా వైద్య సంస్థ ఒకటి నిర్ణయించిన ప్రమాణాలను మనవాళ్ళు కూడా వాడుతున్నారు. ముగ్గురూ ఐదడుగుల ఎత్తున్న స్త్రీలే అనుకోండి. కడుపు రాకముందు 41 కిలోలున్న ఆమె పన్నెండున్నర నుంచి 18 కిలోల దాకా పెరగాలి. 50 కిలోలున్న ఆమెకు పదకొండున్నర నుంచి 16 కిలోలు. 62 కిలోలున్న ఆమెకు 7 నుంచి పదకొండున్నర కిలోలు చాలు. మన శరీరాలు చిన్నవి కాబట్టి సాధారణ బరువున్నవాళ్ళకు పది నుంచి పన్నెండు కిలోలు పెరిగితే సరిపోతుందని ఇక్కడ చెప్పడం వాడుక. నేను గమనించమంటున్నది ఏమిటంటే, అందరికంటే సన్నగా ఉన్న స్త్రీ అందరికంటే ఎక్కువ పెరగాలి. కానీ మన ఇళ్ళలో జరిగేది దీనికి తలకిందులుగా ఉంటుంది: సన్నని అమ్మాయి కొంచెం ఒళ్ళు చేస్తే అందరికీ అది కొట్టొచ్చినట్లు కనబడుతుంది, ఆమెకే ఎక్కువ మాటలు పడతాయి.

ఈ సన్నని అమ్మాయిల విషయంలో మరో భయం కూడా పనిచేస్తుంది. తల్లి ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందనీ, పొట్టలో చోటు చాలక బిడ్డ నలిగిపోతుందనీ పెద్దవాళ్ళు చెప్పే మాట మన పల్లెల్లో ఇంకా గట్టిగానే ఉంది. ఆసుపత్రి దూరమై, ఆపరేషన్ అందుబాటులో లేని కాలంలో, కాన్పులో ప్రాణాలు పోవడం కళ్ళారా చూసిన ముసలమ్మలు ఆ భయాన్ని మనకు అప్పగించి వెళ్ళారు, వాళ్ళను తప్పుపట్టను. కానీ తిండి తగ్గించినంత మాత్రాన కాన్పు సుళువు కాదు. తల్లికి రక్తం తగ్గుతుంది, నీరసం వస్తుంది, బిడ్డకు తట్టుకునే బలం తగ్గుతుంది. పూణె చుట్టుపక్కల గ్రామాల్లో 1990లలో డాక్టర్ యాజ్ఞిక్ బృందం పుట్టిన పిల్లలను జాగ్రత్తగా కొలిచి చూసింది. అక్కడి పిల్లల సగటు బరువు 2.7 కిలోలు, పోలిక కోసం తీసుకున్న ఇంగ్లండు పిల్లల బరువు 3.5 కిలోలు. అంత చిన్న పిల్లల్లో కండ తగ్గింది కాని కొవ్వు దాదాపు తగ్గలేదు. చూడడానికి సన్నం, లోపల కొవ్వు. పెద్దయ్యాక చక్కెర వ్యాధి వచ్చే అవకాశం అలాంటి పిల్లలకే ఎక్కువని ఆ పరిశోధకుల వాదన. బిడ్డ ఒంట్లోని కండ తగ్గితే తగ్గింది గాని, తల్లి కడుపు మాడ్చుకున్నందువల్ల ‘చిన్న, చలాకీ బిడ్డ’ పుట్టలేదన్నమాట.

రెండో వైపు, ‘ఇద్దరి తిండి తినాలి’ అనే ఒత్తిడి. కంచంలో ఇంకో గరిటె, ఇంకో గరిటె అని ప్రేమతోనే వడ్డిస్తారు. నిజానికి హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం గర్భిణికి రోజూ అదనంగా కావలసినది 350 క్యాలరీలు. అంటే ఒక కోడిగుడ్డు, ఒక గ్లాసు పాలు, గుప్పెడు వేరుశనగపప్పు. అంతే. మొదటి మూడు నెలలు, వేవిళ్ళతో మంచినీళ్ళు కూడా ఇమడని రోజుల్లో, అదనంగా ఏమీ తినకపోయినా కొంప మునగదు. తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్య లక్ష్మి కింద అంగన్‌వాడీలో పెట్టే ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఈ లెక్కనే తీరుస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ అంగన్‌వాడీల ద్వారా ఇలాంటి ఆహారమే అందుతోంది. అయితే అక్కడ పెట్టింది అక్కడే ఎందుకు తినాలని పట్టుబడతారో టీచరమ్మలకు తెలుసు. గుడ్డు ఇంటికి వెళితే అది పెద్ద పిల్లవాడి కంచంలోకో, మామగారి కంచంలోకో పోతుంది. అందరూ తిన్నాక కూరగిన్నె అడుగున మిగిలినది తినడం అలవాటైన స్త్రీకి, తనకోసమంటూ ఒక గుడ్డు ఉడకబెట్టుకోవడం కూడా సిగ్గుగా అనిపిస్తుంది. నా వంతు నేను తినవచ్చు అన్న నమ్మకం లేని మనిషికి ఎన్ని పోషక పట్టికలు ఇచ్చి ఏమి లాభం? ఆత్మగౌరవం అన్న పెద్ద మాట ఇవాళ్టి కార్యక్రమ పత్రంలో చూశాను. నా దృష్టిలో దాని తొలి పరీక్ష ఆ గుడ్డు దగ్గరే ఉంది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంకెలు కొన్ని చెబుతాను. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 36.3 శాతం అధిక బరువుతో ఉన్నారు, 14.8 శాతం ఉండవలసినదాని కంటే సన్నగా ఉన్నారు. తెలంగాణలో ఆ అంకెలు 30.1, 18.8. రెండు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో సగానికి పైగా, 53 శాతం దాటి, రక్తహీనతతో ఉన్నారు. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. లావుగా ఉన్న స్త్రీకి రక్తం బాగా ఉంటుందని మనం అనుకుంటాం. ఆమెకే 8 గ్రాములు ఉండడం నేను ఎన్నోసార్లు చూశాను. లావు, సన్నం అన్న మాటలు కంటికి కనబడేదాన్ని చెబుతాయే కాని ఒంట్లో ఏముందో చెప్పవు.

రక్తహీనత గురించి చెప్పేటప్పుడు ఒంటి రంగు గురించి చెప్పక తప్పదు. ప్రభుత్వం ఇచ్చే ఎర్రని ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. నాలుగో నెల నుంచి 180 రోజులు రోజుకొకటి వేసుకోవాలి. కాల్షియం మాత్రతో కలిపి కాక రెండు గంటల ఎడంతో వేసుకోవాలి. ఇవన్నీ ఆశమ్మలు చెబుతూనే ఉన్నారు. అయినా మాత్రలు తలగడ కింద పోగుపడుతున్నాయంటే, కడుపులో తిప్పడం, మలబద్ధకం కొంత కారణమైతే, ఆ మాత్ర వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందన్న పుకారు మరికొంత కారణం. మాత్ర వల్ల మలం నల్లగా వస్తుంది. ఆ నలుపు బిడ్డకు అంటదు. అలాగే కుంకుమపువ్వు పాలు తాగితే బిడ్డ తెల్లగా పుట్టదు. పాలు మంచివే, ఆ కుంకుమపువ్వు ధరతో ఎన్ని గుడ్లు వస్తాయో కూడా లెక్క చూసుకోండి. పుట్టబోయే బిడ్డ రంగు గురించి ఇంటిల్లిపాదీ ఇంత ఆరాటపడుతుంటే, అదే సమయంలో తన బుగ్గల మీద మంగు, మెడ మీద నలుపు, బొడ్డు కింద నల్లని గీత కనబడుతున్న తల్లికి ఆ ఆరాటం ఎలా వినిపిస్తుంది? ఈ మార్పులు హార్మోన్ల వల్ల వచ్చేవి, కాన్పు తరువాత నెలల్లో చాలావరకు పలచబడతాయి. పొట్ట మీద చారలు మాత్రం ఎరుపు నుంచి తెలుపుకు తిరిగి, సన్నబడి, అలాగే ఉండిపోతాయి. వాటిని పూర్తిగా పోగొట్టే నూనె గాని, క్రీము గాని లేదు. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే తెల్లబడే క్రీములు, రెటినాయిడ్లు అనే విటమిన్ ఎ జాతి రసాయనాలు ఉన్న మొటిమల మందులు కడుపుతో ఉన్నప్పుడు వాడవద్దు.

ఇప్పుడు కొంచెం ఇబ్బందికరమైన సంగతి. పెళ్ళికి ముందు నుంచే బరువు తగ్గడం కోసం భోజనం మానడం, తిన్నది వేలు పెట్టి కక్కడం, విరేచనాల మాత్రలు మింగడం అలవాటైన అమ్మాయిలు మన పట్టణాల్లోనూ ఉన్నారు. పెళ్ళిచూపులు, పెళ్ళి ఫొటోలు, జాకెట్టు కొలతలు, ఇవన్నీ వాళ్ళను అటు తోశాయి. ఆ అమ్మాయి కడుపుతో ఉన్నప్పుడు వాంతి చేసుకుంటే ఎవరూ అనుమానించరు, వేవిళ్ళు అనుకుంటారు. వేవిళ్ళ వాంతులు ఎక్కువ మందిలో నాలుగు, ఐదు నెలలకు తగ్గుముఖం పడతాయి, వాసనకే వస్తాయి, పరగడుపున వస్తాయి. ఆరో నెలలో కూడా భోజనం అయిన ప్రతిసారీ స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుంటుంటే, పళ్ళు అరిగి పులుస్తున్నాయంటే, తినేటప్పుడు ఎవరైనా చూస్తే చేయి ఆగిపోతుంటే, మనం మరో ప్రశ్న అడగాలి. నేను అడిగే పద్ధతి ఇది: “కడుపు రాకముందు ఎప్పుడైనా బరువు గురించి బెంగ పెట్టుకుని తిండి మానడం, కక్కుకోవడం ఉండేదా? చాలామందికి ఉంటుంది, చెప్పు.” గది తలుపు వేసి, అత్తగారినీ భర్తనూ బయట కూర్చోబెట్టి అడగాలి. కొందరు బిడ్డ కోసమని ఆ తొమ్మిది నెలలూ మానేసి, కాన్పు కాగానే మళ్ళీ మొదలుపెడతారు కాబట్టి, ఆ తరువాత కూడా కనిపెట్టి ఉండాలి. దీనివల్ల బిడ్డ బరువు తగ్గడానికీ, నెలలు నిండకుండానే కాన్పు కావడానికీ అవకాశం పెరుగుతుంది. కానీ ఆ మాటతో ఆమెను భయపెడితే మరింత లోపలికి ముడుచుకుపోతుంది. ఇది చిన్నపాటి సలహాలతో పోయేది కాదు, మానసిక వైద్యుల సాయం కావాలి. ఊళ్ళో మానసిక వైద్యుడు లేకపోతే 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. 2022 నుంచి నడుస్తున్న ఆ టెలీ మానస్ సేవలో తెలుగులో మాట్లాడేవాళ్ళున్నారు.

బలపాలు, మట్టి, పచ్చిబియ్యం తినే గర్భిణుల సంగతి మీకు తెలిసిందే. దాన్ని వెక్కిరించకుండా రక్తపరీక్ష చేయించండి. చాలాసార్లు అది ఇనుము తగ్గిందని శరీరం చెప్పే కబురు.

చక్కెర గురించి కూడా కొంత చెప్పాలి. తిన్నా తినకపోయినా 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళు తాగించి రెండు గంటలకు రక్తం పరీక్షిస్తాం. 140 లేదా అంతకుమించి వస్తే గర్భంతో వచ్చిన చక్కెర కింద లెక్క. గర్భిణి మొదటిసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మరోసారి ఈ పరీక్ష చేస్తాం. మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌కు అడ్డుపడడం వల్ల ఈ చక్కెర వస్తుంది, కొందరి శరీరం ఆ అడ్డంకిని దాటలేదు. కానీ ఫలితం వినగానే ఇంట్లో పడే మొదటి మాట, “ఏం తిన్నావో ఏమో!” అని. సీమంతం రోజున తిన్న రెండు లడ్డూలను ఆమె నేరంలా తలుచుకుంటుంది. మర్నాటి నుంచి అన్నం పూర్తిగా మానేసి రెండు దోసకాయ ముక్కలతో గడుపుతుంది. చక్కెర తగ్గుతుంది, కీటోన్లు పెరుగుతాయి, తల్లి తూలుతుంది. మేము కోరేది అది కాదు. అదే అన్నాన్ని కొలత చూసుకుని తక్కువ తక్కువగా ఐదారుసార్లు, పప్పుతోనో గుడ్డుతోనో కూరతోనో కలిపి తినడం, తిన్నాక పది పదిహేను నిమిషాలు నడవడం. చాలామందికి దీనితోనే అదుపులోకి వస్తుంది. రానివాళ్ళకు మందు ఇస్తాం, అది వాళ్ళ ఓటమి కాదు.

సీమంతం మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. నాకు మన ఆచారాలన్నిటిలో గాజులు తొడిగే ఆ వేడుక చాలా ఇష్టం. ఆడవాళ్ళ శరీరం పెద్దదవుతున్నందుకు నలుగురూ కలిసి సంతోషించే రోజు మనకు అదొక్కటే. ఈ మధ్య అది కూడా ఫొటోల పాలైంది. ఎడమవైపు నుంచి తీయండి, గడ్డం కింద మడత కనబడకూడదు, పొట్ట కనబడాలి కాని చేతులు లావుగా కనబడకూడదు అని గంటసేపు నిలబెట్టి, చివరికి ఆ అమ్మాయి అక్షింతలు వేయించుకునే వేళకు సొమ్మసిల్లడం ఒక పేరంటంలో స్వయంగా చూశాను. ఫోనులో కనబడే సినిమా తార కాన్పయిన నెలకే నడుము చూపిస్తుంది. ఆమెకు వంటమనిషి, వ్యాయామం నేర్పే మనిషి, బిడ్డను రాత్రి చూసుకునే ఆయా, ఫొటోను దిద్దే మనిషి ఉన్నారు. గర్భసంచి ఒక్కటే మామూలు పరిమాణానికి రావడానికి ఆరు వారాలు పడుతుంది. కాన్పయిన మర్నాడు పొట్ట ఐదో నెల పొట్టలా ఉండడం సహజమని ముందే ఎవరూ చెప్పకపోవడం వల్ల, “బిడ్డ బయటికి వచ్చినా ఇంకా ఎందుకిలా ఉంది మేడమ్?” అని బాలింతలు నా దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నారు.

బాలింత కాలమే అన్నిటికంటే చిక్కుగా ఉంటుంది. పాలిచ్చే మొదటి ఆరు నెలలు అదనంగా రోజుకు 600 క్యాలరీలు కావాలి. అంటే కడుపుతో ఉన్నప్పటి కంటే కూడా ఎక్కువ. సరిగ్గా అప్పుడే ఇంట్లో పథ్యం మొదలవుతుంది: కూర వద్దు, పప్పు వద్దు, పండు చలువ చేస్తుంది, నీళ్ళు తాగితే పొట్ట వస్తుంది, కారప్పొడి అన్నం చాలు. సరిగ్గా అప్పుడే ఆమె లోపల కూడా ‘ఇక తగ్గాలి’ అన్న ఆత్రం మొదలవుతుంది. అమ్మమ్మ పథ్యానికీ మనవరాలి డైటింగుకూ ఎక్కడా పొంతన లేకపోయినా, బాలింతను ఆకలితో ఉంచడంలో రెండూ ఒక్కటవుతాయి. మన రెండు రాష్ట్రాల్లో ఆపరేషన్ కాన్పులు కూడా ఎక్కువే, ఇందాక చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలోనే తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. అందుకని నీళ్ళు తాగితే కుట్లు చీము పడతాయన్న భయం కూడా దానికి తోడైంది. నీళ్ళకూ చీముకూ సంబంధం లేదు. నీళ్ళు తగ్గితే మలబద్ధకం వస్తుంది, మూత్రంలో మంట వస్తుంది. వెల్లుల్లి కారం, శొంఠి, నెయ్యి కావాలంటే తినండి, నాకు అభ్యంతరం లేదు; వాటి పక్కన పప్పు, ఆకుకూర, గుడ్డు, పెరుగు, చెంబెడు నీళ్ళు ఉంచండి. నడికట్టు నడుముకు ఊతమిస్తుంది, కొవ్వును కరిగించదు.

వెనక వరుసలోని భర్తలకు ఒక్క మాట. మీరు ముద్దుగా పిలుస్తున్నాననుకున్న ‘గుమ్మడికాయ’, ‘బండ’ వంటి పేర్లను మీ భార్యలు నా గదిలో ఏ గొంతుతో చెబుతారో మీకు తెలియదు. ఆకలవుతోందా అని అడగండి. రాత్రి పదకొండుకు ఆకలైతే లేచి పాలు వేడిచేయండి. అంతకుమించి ఆమె ఆకారం గురించి మీ అభిప్రాయం ప్రస్తుతానికి ఎవరూ కోరలేదు.

చివరగా ఆశా కార్యకర్తలకూ, నర్సమ్మలకూ. ప్రతి నెలా తొమ్మిదో తారీఖున ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు జరుగుతాయి. ఆ రోజు రద్దీ ఎంత ఉంటుందో నాకు తెలుసు. అయినా బరువు చూసేటప్పుడు అంకెను కార్డులో రాయండి, గట్టిగా చదవకండి. వినాలని లేనివాళ్ళను అటు తిరిగి నిలబడమనండి. మా దగ్గర కొందరు అలాగే నిలబడతారు, అంకె మాకు తెలిస్తే చాలు. పెరిగితే ‘ఎందుకు పెరిగావు’ అని కాకుండా, కాళ్ళవాపు ఉందా, తలనొప్పి ఉందా, రక్తపోటు ఎంత అని చూడండి. ఒక్కసారిగా పెరిగే బరువు తిండి వల్ల కాకుండా బీపీతో చేరిన నీటి వల్ల కావచ్చు, నా వరండా హాస్యంలో నేను మరిచిపోయిన ప్రశ్న కూడా అదే. మిషన్ చుట్టూ ఒక తెర కట్టండి. తెరకు నిధులు లేవంటారేమో, పాత చీర చాలు. మా దగ్గర మొదటి రెండేళ్ళూ ఉన్నది మా అమ్మ కట్టి విడిచిన వెంకటగిరి చీరే.